మిర్యాలగూడలో చేయించిన మూడు గీరల బండి

మా మనవడి కోసం మిర్యాలగూడలో ఒక వడ్లాయన దగ్గర మూడు గీరల నడక బండి చేయించాం. టేకుది, 1,200 రూపాయలు తీసుకున్నాడు. ఆ డబ్బుకు తగిన వస్తువే. కాకపోతే కొన్ని మార్పులు ముందే అడిగి చేయించుకోవాలి.

మా బిడ్డ, అల్లుడు కెనడాలో ఉంటారు. పిల్లాడు అక్కడే పుట్టాడు. అల్లుడు డ్యూటీకి పోతే మా బిడ్డ ఒక్కతే. వంట చేయాలన్నా, స్నానం చేయాలన్నా వాణ్ణి బెల్టు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టక తప్పదు. చలికాలమంతా అదే పద్ధతి. పదకొండో నెలలో ఇక్కడికి వచ్చినప్పుడు మంచం పట్టుకొని నిలబడేవాడు గానీ అడుగు వేసేవాడు కాదు. చుట్టాలేమో "ఇంకా నడుస్తలేడేంది" అని ఒకటే అడుగుడు. మా బిడ్డకు టెన్షన్. నేను అంగన్‌వాడీ టీచర్‌గా చేసినదాన్ని, నాకు ఆ భయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను చూసి 2006లో లెక్కలు ఇచ్చింది. సుమారు ఎనిమిదో నెల నుంచి పద్దెనిమిదో నెల లోపు ఎప్పుడు సొంతంగా నడిచినా మామూలే.

టౌన్లో ఒక షాపతను, మధ్యలో సీటుండే ప్లాస్టిక్ వాకర్ కొంటే తొందరగా నడుస్తాడన్నాడు. ఖచ్చితంగా వద్దన్నాను. అందులో బరువంతా సీటు మీద పడుతుంది. పిల్లలు మునివేళ్లతో నేలను తన్నుతారు, వాళ్ల పాదాలు వాళ్లకే కనబడవు. నిలదొక్కుకునే పని ఒంటికి ఉండదు. మెట్ల దగ్గరైతే ప్రాణం మీదికి వస్తుంది. కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మడమే నిషేధం.

ఇక మా బండి. మొదట పిడి పట్టుకొని లేవబోతే ముందు గీర గాల్లోకి లేచి, వాడు వెనక్కి కూలబడ్డాడు. బండి మరీ తేలిక. ముందు పలక మీద ఇసుక మూట గట్టిగా కట్టాక కదలకుండా నిలిచింది. టైల్స్ మీద మాత్రం జర్రున జారిపోయేది. మళ్లీ తీసుకెళ్తే వడ్లాయన పాత సైకిల్ ట్యూబు కోసి గీరలకు చుట్టి, డబ్బులు కూడా తీసుకోలేదు. పిడి అంచులు గరుకుగా ఉంటే ఉప్పుకాగితంతో మేమే రుద్దాం. పిల్లలు నోట్లో పెట్టుకుంటారని రంగు వేయించలేదు.

నాకు బాగా నచ్చింది వేరే ఉంది. బండి గోడకు తగిలితే మొదట్లో ఏడ్చేవాడు. కొన్నాళ్లకు పిడి వదిలి, బండి అంచు పట్టుకుంటూ ముందుకొచ్చి, గీరను చేత్తో పక్కకు నెట్టి, మళ్లీ వెనక్కి పోయి తోయడం మొదలుపెట్టాడు. ఎవరూ చూపించలేదు! మేము పక్కనే కూర్చుని "దా నాన్నా, ఆగు, తిప్పు" అంటూ తెలుగులోనే మాట్లాడేవాళ్లం. రేపు డేకేర్‌లో ఇంగ్లీషు ఎలాగూ వస్తుంది. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు.

పిల్లలు తమంతట తాము పట్టుకొని నిలబడ్డాకే బండి ఇవ్వండి, పక్కన మనిషి ఉండాల్సిందే. పద్దెనిమిది నెలలు దాటినా నడవకపోతే బండితో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి. విదేశాలకు పంపేవాళ్లు పిడిని మేకులతో కాకుండా బోల్టులతో బిగించమని చెప్పండి. మాది అలాగే విప్పి సూట్‌కేసులో పెట్టి పంపాం.