వెబ్ ఆప్షన్లకు ముందు గోదావరి జిల్లాల కాలేజీలు చూసొచ్చాం

మా చెల్లిది ఎంపీసీ. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాసేసింది, ర్యాంకు ఇంకా రాలేదు. అది వచ్చాక కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్లో వరసగా పెట్టుకోవాలి, వాటినే వెబ్ ఆప్షన్లంటారు. ఈలోపు ఇంట్లో కూర్చుని బ్రోషర్లు తిరగేసే కంటే ఓసారి వెళ్లి చూసొస్తే మేలనిపించి ఇద్దరం బయల్దేరాం. మాది ముమ్మిడివరం పక్కన పల్లెటూరు. ఎటు వెళ్లాలన్నా గోదావరి పాయ దాటాల్సిందే, కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను ఎప్పటికి పూర్తవుతుందో ఎవరికీ తెలీదు. కాబట్టి ఏ కాలేజీ అన్నదానికంటే ముందు రోజూ బస్సా, హాస్టలా అన్నదే మా ఇంట్లో పెద్ద గొడవ. అమ్మ బస్సు అంటుంది, చెల్లి హాస్టల్ అంటుంది.

ముందు కాకినాడ. కావాలనే కాలేజీ పిల్లలు ఎక్కే టైముకే ఎక్కాం. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్లే రోడ్డు బాగానే ఉంటుంది గానీ, యానాం వచ్చేసరికే నిలబడటానికి చోటు లేదు, చెల్లి సగం దారి ఒంటికాలి మీద ప్రయాణం చేసింది. దిగాక ‘రోజూ ఇలాగేనా అన్నయ్యా’ అంది. నేనేం మాట్లాడలేదు.

జేఎన్‌టీయూ నాగమల్లితోట జంక్షన్‌లో ఉంటుంది. 1946లో విశాఖలో మొదలై తర్వాత కాకినాడకు వచ్చిన కాలేజీ ఇది, 2008లో యూనివర్సిటీ అయింది. పాత చెట్లు, పొడుగాటి వరండాలు, ప్రభుత్వ ఫీజు. హంగూ ఆర్భాటం ఏమీ లేదు. చెల్లికి నచ్చింది, కానీ సీఎస్ఈకి (కంప్యూటర్ సైన్స్‌కి) ఇక్కడ ఎలాంటి ర్యాంకు కావాలో దానికీ తెలుసు. మధ్యాహ్నం సుబ్బయ్య హోటల్లో భోంచేశాం. లైన్లో నిలబడాలి గానీ కూర్చున్నాక వడ్డించే తీరుకి ఆ కోపం పోతుంది. రాత్రికి పిన్నిగారింట్లో పడుకున్నాం, అందుకని లాడ్జీల సంగతి చెప్పలేను.

భీమవరం దారి వేరు. అమలాపురం, రాజోలు, చించినాడ వంతెన, పాలకొల్లు. పాలకొల్లు దాటాక రొయ్యల చెరువులు, వాటిలో గిర్రున తిరిగే ఏరియేటర్లు తప్ప కంటికి ఇంకేం ఆనవు. ఆధార్ చూపిస్తే స్త్రీశక్తి కింద చెల్లికి జీరో టికెట్, నాకు మాత్రం పూర్తి ఛార్జీ. దూరం చూస్తే రోజూ తిరిగే పని కాదు, ఇక్కడ సీటు వస్తే హాస్టలే. చినఅమిరంలో ఎస్ఆర్‌కేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ 1980 నుంచి ఉంది, మా వైపు ఇంజనీర్లలో చాలామంది అక్కడ చదివినవాళ్లే. కొవ్వాడ వైపు విష్ణు క్యాంపస్‌లో అమ్మాయిలకు విడిగా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అమ్మకి ఫోన్లో చెప్పగానే ‘అదే రాసేయండి’ అంది. చెల్లి మొహం మాడ్చుకుంది.

రాత్రికి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఏసీ గది అన్నారు, ఏసీ ఉంది కూడా, కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద ఫ్యాను మాత్రమే తిరుగుతుందని డబ్బు కట్టాక చెప్పారు. మే నెలలో వెళ్లేవాళ్లు ఈ ముక్క ముందే అడగండి.

తిరుగుదారిలో తాడేపల్లిగూడెం వెళ్లి నిట్ చూశాం. 2015లో పెట్టింది, ఈ జిల్లాల్లో జాతీయ స్థాయి ఇంజనీరింగ్ కాలేజీ అంటే ఇదే. దీనికి ఈఏపీసెట్ పనికిరాదు, జేఈఈ మెయిన్ ర్యాంకుతో, ఐఐటీ, నిట్ లాంటి వాటికి సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్‌లో రావాలి. సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకే కాబట్టి, మెయిన్ రాసి ఉంటే జోసాలో ఇది పెట్టకపోవడం తెలివితక్కువ. ఇంటికి తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా వచ్చేశాం.

ఇప్పుడు అసలు చిరాకు. దారిలో ఇంకో ప్రైవేటు కాలేజీకి కూడా వెళ్లాం, పేరు వద్దులెండి. గేటు దాటగానే పీఆర్వో పట్టుకుని కూల్‌డ్రింక్ ఇచ్చి, బి కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఖాయం, ఇవాళే అడ్వాన్స్ కట్టి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేస్తే ఫీజులో తగ్గింపు అని గంటసేపు వాయించాడు. హాస్టల్ చూపించమంటే పెయింటింగ్ జరుగుతోందన్నాడు. మేమే వెనక నుంచి వెళ్లి చూస్తే పెయింటూ లేదు, ఏమీ లేదు, ఒక్కో గదిలో ఐదు మంచాలు, మెస్ దగ్గర వాటర్ ఫిల్టర్‌కి ‘పనిచేయదు’ అని అట్టముక్క కట్టి ఉంది. ఆ అట్ట కూడా పాతబడిపోయింది! ఏమైనా సరే, సీటు రాకముందు ఒరిజినల్స్ ఎవరి చేతిలోనూ పెట్టకండి. తర్వాత వేరే చోట సీటొస్తే వాటి కోసం కాళ్లరిగేలా తిరగాలి. బి కేటగిరీలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉండదు, అది కౌన్సెలింగ్‌లో ర్యాంకుతో సీటొచ్చే కన్వీనర్ కోటా వాళ్లకే.

గోడల మీద నాక్ గ్రేడ్ పెద్దక్షరాల్లో రాస్తారు. అది మొత్తం కాలేజీ నాణ్యతకి ఇచ్చేది. మన బ్రాంచ్‌కి ఎన్‌బీఏ (ఒక్కో బ్రాంచ్‌కి విడిగా ఇచ్చే గుర్తింపు) ఉందా, దాని గడువు ఎప్పటివరకు అని అడిగితే కొన్నిచోట్ల మాట మార్చేశారు. థర్డ్ ఇయర్ పిల్లల్ని టీకొట్టు దగ్గర పట్టుకుంటే ల్యాబుల సంగతి, ప్లేస్‌మెంట్ల సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది. ప్రిన్సిపాల్ గది కంటే అదే నయం.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ర్యాంకు సరిపోదేమోనని పెద్ద కాలేజీని కిందకి తోసేయకండి. పై నుంచి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకి దొరికే మొదటి ఆప్షనే ఇస్తారు, కాబట్టి ఆశపడింది పైన పెడితే నష్టం లేదు. ఇచ్చినా చేరం అనుకునేది మాత్రం అసలు పెట్టకూడదు. మా లిస్టులో కాకినాడ పైన, ఎస్ఆర్‌కేఆర్ దాని కింద. అమ్మాయిల కాలేజీ ఎన్నో నంబరు అన్నది అమ్మా చెల్లీ తేల్చుకోవాలి. నేను మధ్యలో దూరను.