గవర్నర్‌పేటలో వేయించుకున్న నెట్‌వర్త్ లెక్క: ఒక ఆడిటర్ కార్యాలయం సేవపై నా అభిప్రాయం

మా అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చిన తరువాత, విద్యారుణం కోసం వెళ్లిన బ్యాంకులో తల్లిదండ్రుల నెట్‌వర్త్ సర్టిఫికెట్ తెమ్మని అడిగారు. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో పిల్లల్ని పై చదువులకు విదేశాలకు పంపే ఇళ్లలో ఈ మాట అందరికీ తెలిసిందే. దాని కోసం గవర్నర్‌పేటలోని ఒక చార్టర్డ్ అకౌంటెంట్ కార్యాలయానికి వెళ్లాం. మెచ్చుకోవలసినవాటితో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల ఆ కార్యాలయం పేరు రాయడం లేదు. అక్కడ లెక్క ఎలా వేశారో తెలిస్తే, ఇదే పనికి మరెక్కడికి వెళ్లేవారికైనా ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

అంతకుముందు మరొకచోట విచారిస్తే, "మీకు ఎంత మొత్తం కావాలో చెప్పండి, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నారు. కాగితం ఒక్కటీ చూడకుండా అంకె వేసి ఇస్తామన్నవారి దగ్గర మా సంతకాలు పెట్టడానికి మనసొప్పక తిరిగి వచ్చేశాం. గవర్నర్‌పేట కార్యాలయంలో మొదటి రోజు మాకు అంకె చెప్పలేదు, ఒక జాబితా ఇచ్చారు. దస్తావేజుల నకళ్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్, ఎల్ఐసీ పాలసీలు, బాకీ ఉన్న రుణాల వివరాలు, ఇవన్నీ ఒకే తేదీ నాటివిగా తెమ్మన్నారు. నెట్‌వర్త్ అంటే ఒక నిర్ణీత తేదీన మనకున్న ఆస్తుల విలువలోంచి అదే తేదీన మనం చెల్లించవలసిన అప్పులను తీసివేయగా మిగిలిన మొత్తం. అందువల్ల ఇంటి విలువ ఈ నెలదీ, అప్పు నిల్వ నిరుటిదీ అయితే లెక్క కుదరదని ఆడిటర్ గారు ఓపికగా చెప్పారు.

వెళ్లే ముందు నేనూ మావారూ ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేసుకున్నాం. అపార్ట్‌మెంట్ 75 లక్షలు, తెనాలి దగ్గర పొలం 48 లక్షలు, బంగారం 24 లక్షలు, ఎల్ఐసీ 15 లక్షలు, పీఎఫ్ 12 లక్షలు, ప్రామిసరీ నోట్ల మీద రావలసింది 6 లక్షలు, మొత్తం 1 కోటి 80 లక్షలు. అందులో అప్పుల వరుస అసలు లేదు. కార్యాలయంలో తేలిన మొత్తం 88 లక్షలు.

మొదట పోయింది పొలం. అది మా మామగారి స్వార్జితం, పట్టాదారు పాస్‌బుక్కూ ఆయన పేరిటే ఉంది. "అమ్మా, రేపు మీకు రావచ్చు, రాకపోవచ్చు. ఆయన పేరిట ఉన్నంతకాలం అది ఆయన ఆస్తే, మీ లెక్కలోకి రాదు" అన్నారు ఆడిటర్ గారు. పిత్రార్జితమైతే వాటా గురించి వేరే ఆలోచించవలసి వచ్చేదట. ఆ మాట వినగానే మావారి ముఖం చిన్నబోయిన సంగతి దాచను. ఇరవై ఏళ్లుగా మేమిద్దరం ఆ పొలాన్ని మనసులో మా ఆస్తిగానే లెక్కపెట్టుకుంటూ వచ్చాం.

అపార్ట్‌మెంట్‌కు మేము వేసుకున్న 75 లక్షలు పక్క బ్లాకులో ఒకాయన అడుగుతున్న ధర. అడిగే ధర వేరు, అమ్ముడయ్యే ధర వేరు కాబట్టి రిజిస్టర్డ్ వాల్యూయర్ నివేదిక తెప్పించారు. అందులో రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన ప్రభుత్వ విలువనూ, మార్కెట్ విలువనూ విడివిడిగా చూపి, మార్కెట్ విలువను 62 లక్షలుగా తేల్చారు. బంగారాన్ని రాళ్ల బరువూ, మజూరీ, తరుగూ తీసేసి 20 లక్షలుగా లెక్కకట్టారు. ఎల్ఐసీలో మేము రాసుకున్న 15 లక్షలు బీమా మొత్తం. ఈరోజు పాలసీలు వదులుకుంటే చేతికి వచ్చే సరెండర్ విలువ 7 లక్షలే.

నాకు అన్నిటికంటే ఎక్కువ కనువిప్పు కలిగించినవి ప్రామిసరీ నోట్లు. నూటికి రెండు రూపాయల వడ్డీకి బంధువులకు ఇచ్చిన 2 లక్షల నోట్లు మూడు మా దగ్గర ఉన్నాయి. వాటిలో రెండింటికి మూడేళ్లు దాటిపోయాయి, మధ్యలో ఒక్కసారి కూడా చెల్లు వేయించలేదు. మొహమాటం కొద్దీ అడగలేదు. కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్లు దాటిన నోటు మీద కోర్టుకు వెళ్లి వసూలు చేసుకోవడం సాధ్యం కాదు కాబట్టి ఆ రెండింటినీ ఆడిటర్ గారు లెక్కలో చేర్చలేదు. గడువులోపల కొంత మొత్తమైనా జమ చేయించి, నోటు వెనుక చెల్లు రాయించి సంతకం తీసుకుని ఉంటే గడువు మళ్లీ ఆ తేదీ నుంచి మొదలయ్యేది. మన ఊళ్లలో నోట్ల మీద డబ్బు తిప్పే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దయచేసి ఈరోజే బీరువా తెరిచి వాటి మీది తేదీలు చూసుకోండి.

ఆ తరువాత అప్పులు. ఇంటి రుణం 9 లక్షలు ఇంకా నిల్వ ఉంది. నెలనెలా వాయిదా కడుతూనే ఉన్నా, దాన్ని ఖర్చుగా చూశామే తప్ప అప్పుగా చూడలేదు. బంగారం మీద తీసుకున్నది లక్షన్నర. మూడోది చీటీ. నెలకు 50 వేల చొప్పున ఇరవై నెలల 10 లక్షల చీటీని మధ్యలో పాడుకుని, ఆ డబ్బు ఇంటి మరమ్మతులకు వాడేశాం. పాడని చీటీలో కట్టిన సొమ్ము మనకు రావలసిన ఆస్తి. పాడుకున్న చీటీలో మిగిలిన వాయిదాలు మనం తీర్చవలసిన అప్పు. ఇంకా తొమ్మిది వాయిదాలున్నాయి కాబట్టి 4 లక్షల 50 వేలు అప్పుల వరుసలోకి వెళ్లాయి. ఆస్తులు 1 కోటి 3 లక్షలు, అప్పులు 15 లక్షలు. మావారు తన తమ్ముడి రుణానికి పెట్టిన హామీ సంతకాన్ని మాత్రం అప్పుగా కలపకుండా వేరే గమనికగా రాశారు. మరిది వాయిదాలు ఆపితే అది కూడా మా మీదికి వస్తుంది.

ఇంకొక విషయం కూడా వారే చెప్పారు. 88 లక్షల నెట్‌వర్త్ ఉన్నంత మాత్రాన 88 లక్షలు చేతిలో ఉన్నట్టు కాదు. విద్యార్థి వీసాకు అవసరమైన ఐ-20 పత్రం ఇవ్వడానికి అమెరికా విశ్వవిద్యాలయాలు సాధారణంగా చూసేది బ్యాంకు నిల్వలూ, రుణ మంజూరు పత్రమూ వంటి వెంటనే వాడుకోగల డబ్బునే. పైగా మా అమ్మాయి తీసుకునే విద్యారుణానికి మేము సహ రుణగ్రహీతలం కాబట్టి, రుణం చేతికి అందిన రోజు నుంచి మా లెక్కలోనూ అది అప్పే. ఇంత స్పష్టంగా మాకు బ్యాంకులో కూడా ఎవరూ చెప్పలేదు.

సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ అనే 18 అంకెల ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంది. 2019 ఫిబ్రవరి 1 నుంచి చార్టర్డ్ అకౌంటెంట్లు ఇచ్చే సర్టిఫికెట్లకు ఇది తప్పనిసరి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పోర్టల్‌లో ఆ సంఖ్య కొట్టి కాగితం నిజమైనదో కాదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. నేను ఇంటికి వచ్చి చూశాను, సరిపోయింది.

ఇక లోపాలు. నాలుగు రోజులన్న పనికి పదకొండు రోజులు పట్టింది. రుసుము ముందుగా చెప్పలేదు, వాల్యూయర్‌కు వేరే చెల్లించాలన్న సంగతి ఆయన ఇంటికి వచ్చిన రోజునే తెలిసింది. పాస్‌పోర్టులో ఉన్న నా పేరుకూ, సర్టిఫికెట్‌లో టైపు చేసిన పేరుకూ ఒక అక్షరం తేడా రావడంతో పాతదాన్ని రద్దు చేసి కొత్త యూడీఐఎన్‌తో మళ్లీ ఇవ్వవలసి వచ్చింది, ఆ ఆలస్యం వల్ల బ్యాంకులో మా వంతు వారం వెనక్కి పోయింది. సర్టిఫికెట్‌కు ఆధారమైన లెక్కల కాగితాన్ని కూడా నేను రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు. నా దృష్టిలో సర్టిఫికెట్ కంటే ఆ కాగితమే విలువైనది, దాన్ని అడగకుండానే ఇవ్వాలి.

అయిదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నాను. వచ్చే మార్చి 31 నాటి లెక్క వేయించుకోవడానికి కూడా అక్కడికే వెళ్తాను. రుసుమూ, గడువూ మాత్రం ఈసారి మొదటి రోజే రాతపూర్వకంగా తీసుకుంటాను. అప్పటికి చీటీ వాయిదాలు పూర్తవుతాయి, మిగిలిన ఒక్క నోటు మీద చెల్లు కూడా మొన్న ఆదివారమే వేయించాం.