బుజ్జి కుక్కకు పిడి ఉన్న హార్నెస్: మూడు నెలలు వాడాక

రెండున్నర కిలోల మా పమేరియన్ ఎవరు కనిపించినా తోక ఊపుకుంటూ ఎదురెళ్తుంది. ఆ చనువే దానికి ముప్పు. మెడపట్టీ లాగితే ఇలాంటి చిన్న జాతుల సున్నితమైన శ్వాసనాళం నొక్కుకుపోతుంది కనుక, లాగినప్పుడు బరువు ఛాతీ మీద పడే ఈ హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొన్నాను. దాని వీపు మీది పిడి విలువ మొన్న సాయంత్రం తెలిసింది: వీధి మలుపులో గొలుసు విడిపించుకున్న లాబ్రడార్ ఒకటి, ఆడుకోవడానికే కావచ్చు, దూకుతూ వచ్చినప్పుడు, ఒక చేత్తో పిడినీ మరో చేత్తో పొట్టనూ పట్టి మా బుజ్జి కుక్కను క్షణంలో గుండెలకు హత్తుకోగలిగాను. పొట్ట కింద ఆసరా లేకుండా పిడితోనే ఎత్తడం మాత్రం తగదు. కొత్తవాళ్లు ముద్దు చేయబోతే నేను పక్కనే కూర్చుని, పిడి వదలకుండా పట్టుకుని, దాని గడ్డం కింద నిమరమని వాళ్లతో అంటాను. చంక దగ్గర కుట్టు గరుకుగా ఉండి బొచ్చు రాలుతోంది. అది నిజమైన లోపమే. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు. అంతకన్నా వదులైతే కుక్క వెనక్కి జరిగి అందులోంచి జారిపోతుంది.