మంగళగిరిలో చిన్న చేనేత షాపు: తక్కువ చీరలు చూపిస్తారు, అందుకే నచ్చింది

అక్క కూతురి పెళ్లికి పెట్టుబడి చీరల కోసం ముందు విజయవాడలో ఒక పెద్ద షోరూమ్‌కి వెళ్లాం. అడగడమే ఆలస్యం, కుప్పలు కుప్పలుగా విప్పి పడేశారు. కాసేపు హుషారుగానే ఉంది కానీ తర్వాత ఇందాక చూసిన ఆకుపచ్చ ఏదో ఇప్పుడు చూస్తున్నది ఏదో తెలియక, అమ్మకి తలనొప్పి వచ్చి, ఏమీ కొనకుండానే బయటపడ్డాం.

మంగళగిరిలో ఈ షాపు పద్ధతే వేరు. "ఎవరికమ్మా, ఎంతలో చూపించమంటారు?" అని అడిగి, ఆ లెక్కలో పది పన్నెండు చీరలే పరిచారు. వద్దన్నది వెంటనే మడతపెట్టి లోపల పెట్టేస్తారు. మిగిలిన మూడు నాలుగూ పక్కపక్కన పెట్టి, కొంగులు విప్పి, నిజాం అంచులో జరీతో నేసిన చిన్న చిన్న గోపురాల వరస వేలితో చూపిస్తుంటే, ఏది కావాలో మనకే తెలిసిపోతుంది.

దీని వెనక సైన్స్ కూడా ఉంది. అమెరికాలో కాల్‌టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన కోలిన్ కామెరర్ బృందం 2018లో ఒక అధ్యయనం ప్రచురించింది. కాఫీ మగ్గు మీద వేయించుకోవడానికి ప్రకృతి దృశ్యాల్లో ఒకటి ఎంచుకోమని కొందరికి చెప్పి, స్కానర్‌లో మెదడుని గమనించారు. 6 బొమ్మలున్నప్పటికంటే, 24 ఉన్నప్పటికంటే కూడా 12 ఉన్నప్పుడు నిర్ణయానికి సంబంధించిన భాగాలు ఎక్కువ చురుగ్గా పనిచేశాయి. ఆరే ఉంటే మనకి కావలసింది అందులో ఉండకపోవచ్చు, ఇరవై నాలుగైతే వెతికే శ్రమకి తగ్గ లాభం ఉండదు. అలాగని పన్నెండు అనేదేదో మంత్రసంఖ్య కాదు, కొనే వస్తువుని బట్టి, మనిషిని బట్టి మారుతుంది. కానీ పెళ్లి షాపింగ్‌లో గంటల తరబడి చూస్తూ పోతే బుర్ర మొద్దుబారడం మాత్రం ఖాయం, ముఖ్యంగా పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇది ఆలోచించాలి.

లోపాలంటే, పట్టులో రకాలు తక్కువ, కారు పెట్టుకోవడానికి చోటు లేదు, బేరం అసలు కుదరదు. కాటన్ నాణ్యత చూశాక నాకు ఆ రేటు ఎక్కువనిపించలేదు. పొద్దున్నే వెళ్తే రద్దీ ఉండదు, ఎవరెవరికి ఎంతలో కావాలో ఇంట్లోనే రాసుకుని వెళ్లండి.