పగడపు దీవిలో సోలార్ నిల్వకు: లెడ్ యాసిడ్ బ్యాటరీయా, లిథియమా?

పసిఫిక్‌లోని టోకెలావ్ 2012లో డీజిల్ నుంచి సోలార్‌కు మారినప్పుడు మూడు దీవుల్లోనూ పెట్టింది లెడ్ యాసిడ్ బ్యాటరీలే. ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్లు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం లిథియం బ్యాటరీల వైపు చూస్తున్నారు.

రాత్రికి 40 యూనిట్లు వాడే ఊరనుకోండి. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 80 యూనిట్ల బ్యాటరీ బ్యాంకు (కలిపి పెట్టిన బ్యాటరీల వరుస) కావాలి. లిథియమైతే 80 శాతం దాకా వాడుకోవచ్చు, 50 చాలు. ఓడ నుంచి పడవలోకి, పడవ నుంచి ఒడ్డుకి చేతులతో దించే చోట ఆ బరువు తేడా చిన్నది కాదు.

లెడ్ యాసిడ్‌కు అసలు శత్రువు వేడి. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఉప్పు కలిసిన బావి నీళ్లు పోస్తే క్లోరైడ్ ప్లేట్లను తినేస్తుంది. వారాల తరబడి ముసురు పట్టి పూర్తిగా ఛార్జ్ కాకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. లిథియానికి ఈ అరకొర ఛార్జింగ్‌తో ఇబ్బంది లేదు.

రిపేరు మాటకొస్తే కథ తిరగబడుతుంది. 2 వోల్టుల సెల్స్ 24 ఉన్న లెడ్ యాసిడ్ బ్యాంకులో ఒకటి చస్తే, దాన్ని తప్పించి, ఛార్జింగ్ వోల్టేజీని ఆ మేరకు తగ్గించి 23తో నెట్టుకురావచ్చు. లిథియంలో కంట్రోల్ బోర్డు పోతే ప్యాక్ మొత్తం మూగబోతుంది. స్పానర్‌తో అయ్యే పని కాదు. అయినా మా ఓటు లిథియానికే, ఒక షరతు మీద: ఒకే పెద్ద ప్యాక్ కాకుండా నాలుగైదు చిన్నవి సమాంతరంగా కలపాలి, స్పేర్ బోర్డు మొదటి ఓడలోనే రావాలి.