ఫోంటనే, పోంటినీ: ఒక్క సిస్టర్షియన్ చర్చినే చూడగలిగితే ఏది మేలు?

ఫ్రాన్స్‌లోని బర్గండీకి వెళ్లే పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. నిరాడంబర జీవనానికి పేరుపడ్డ కాథలిక్ సన్యాసుల శాఖ సిస్టర్షియన్లు. వారికి మూలస్థానాలైన సీటో, క్లేర్వో మఠాల ప్రాచీన చర్చీలు ఫ్రెంచి విప్లవం తరువాత నేలమట్టమయ్యాయి కనుక, ఆ ప్రాంతంలో పోటీ చివరకు ఈ రెండింటి మధ్యనే నిలుస్తుంది.

నా దృష్టిలో దీన్ని తేల్చవలసింది వెలుతురు. ఫోంటనే చర్చి నడిమి పొడవాటి భాగమైన మధ్యశాలపై మొనదేలిన కమాను కప్పు ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఏకంగా సాగుతుంది. అటువంటి కప్పు గోడ పొడవునా బయటికి ఒత్తుతుంది కనుక, కట్టినవారు పైగోడలకు కిటికీలు పెట్టలేదు. ఆ ఒత్తిడిని ఆపడానికి పక్కశాలల్లో అంకణం అంకణానికీ అడ్డంగా చిన్న కమాను కప్పులు వేశారు. వెలుతురు తూర్పు, పడమర గోడల నుంచి, పక్కశాలల చిన్న కిటికీల నుంచి రావలసిందే. అందువల్ల నడినెత్తి మీద నీడ నిలిచి, చూపు దానంతటదే బలిపీఠం వైపు వెళుతుంది. మఠాల్లోని శిల్పాలంకరణను తీవ్రంగా తప్పుపట్టిన క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ 1118లో నెలకొల్పిన ఈ మఠంలో, 1147లో పోప్ మూడవ యూజీన్ ప్రతిష్ఠించిన చర్చికి ఇంతకంటె తగిన కట్టుబడి ఊహించలేము.

అయితే అక్కడి నిరాడంబరత అంతా బెర్నార్డ్ చలవేనని అనుకోకూడదు. విప్లవకాలంలో అమ్ముడుపోయిన మఠం కాగితపు మిల్లుగా మారింది. 1906లో దాన్ని కొన్న ఎదువార్ ఎనార్ మిల్లు కట్టడాలను తొలగించి పాత రూపాన్ని బయటపెట్టాడు. ఇప్పటి మట్టినేల, ఖాళీ మధ్యశాల కొంతవరకు ఆ నష్టాల ఫలితమే. మధ్యయుగపు గచ్చుపలకల్లో మిగిలినవాటిని బలిపీఠం దగ్గరికి చేర్చారు.

1114లో స్థాపించిన పోంటినీ మఠపు చర్చి ఇంకా పెద్దది, పొడవు వంద మీటర్లకు పైమాటే. ఇక్కడ మధ్యశాల కప్పు బరువును రాతి బద్దలు స్తంభాల మీదికి చేర్చడంతో పైగోడల్లో కిటికీలకు చోటు దొరికింది. 12వ శతాబ్దం చివర తూర్పు భాగాన్ని అర్ధవృత్తంగా, చుట్టూ నడవతో, చిన్న ప్రార్థనాలయాలతో తిరిగి కట్టారు. ఒకే కప్పు కింద గోథిక్ పద్ధతి (మొనదేలిన కమానులు, రాతి బద్దల కప్పులు గల మధ్యయుగపు నిర్మాణశైలి) ఎదిగిన తీరు చూడాలనుకునేవారికి ఇదే మేలు. ఇంగ్లండ్ రాజుతో విభేదించిన కాంటర్బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్ ప్రవాసంలో తలదాచుకున్నది ఈ మఠంలోనే. మఠభవనాలు చాలావరకు కూల్చివేతకు గురైనా, ఊరి చర్చిగా మారడం వల్ల ఇది బతికింది. కానీ తరువాతి శతాబ్దాల్లో అమర్చిన కొయ్య ఆసనాలు, అడ్డుతెర మధ్యలో నిలిచి చూపును తెగ్గొడతాయి. తెల్లని వెలుగు అంతటా సమానంగా పరుచుకున్నా, అది మనసును ఒకచోట నిలపదు. అందుకే నా ఓటు ఫోంటనేకే, అదీ ఉదయపు వేళకు.

ఇంగ్లండ్‌లోని సిస్టర్షియన్ మఠం ఫౌంటెన్స్ ఘనమైన శిథిలమే గాని, కప్పు లేనిచోట వెలుతురును తూచలేము. దక్షిణ ఫ్రాన్స్‌లో, ప్రొవాన్స్‌లోని తొరొనే మఠం దక్షిణాదికి వెళ్లేవారికి బాగుంటుంది.