షుగరుకూ దిగులుకూ ఒకే ఫైలు: రెండేళ్ల తర్వాత

మాది ఒంగోలు. పెరంబూరులో స్థిరపడి ఇరవయ్యేళ్లు దాటింది. షుగరుకు పదకొండేళ్లు. దిగులు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. చెన్నైలోనే ఒక షుగరు క్లినిక్కులో రెండింటికీ కలిపి వైద్యం చేసే పథకంలో 2023 జూన్‌లో చేరాను. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కనుక దాని పేరు చెప్పను.

అప్పటికి నా హెచ్‌బీఏ1సి, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష, 9.4. పాత డాక్టరు గారు "నడుస్తున్నారా?" అనేవారు, నేను "లేదండీ" అనేవాణ్ణి, చీటీలో ఒక మాత్ర పెరిగేది. నడవాలంటే ముందు మంచం దిగాలి. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక్కడ పథకాన్ని నడిపించేది డాక్టరు కాదు, కోఆర్డినేటరు. షుగరు, బీపీ, కొలెస్టరాల్, మనసు స్కోరు అన్నీ ఆమె దగ్గర ఒకే ఫైలులో ఉంటాయి. ఎవరి అంకెలు కదలడం లేదో చూసి, వాళ్ల గురించి షుగరు డాక్టరుతోనూ మానసిక వైద్యుడితోనూ కూర్చుని మాట్లాడుతుంది. దిగులు మాత్ర కూడా షుగరు డాక్టరే రాస్తారు. రెండేళ్లలో మానసిక వైద్యుణ్ణి నేరుగా కలిసింది రెండుసార్లే.

మనసు స్కోరంటే పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అంకె ఎంత పెరిగితే దిగులు అంత ఎక్కువ. మొదటిసారి తమిళంలో అడిగారు. నాకు తమిళం బాగానే వచ్చు, చేపల బజారులో బేరమాడేంత, బ్యాంకులో పోట్లాడేంత. కానీ ప్రతి ప్రశ్నకూ నోట్లోంచి "పరవాయిల్లై" (ఫరవాలేదు) తప్ప ఇంకో మాట రాలేదు. స్కోరు 6. ఆ కోఆర్డినేటరు అమ్మాయికి అనుమానం వచ్చి, తరువాతి వారం తెలుగు కాగితం తెప్పించింది. స్కోరు 17.

నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నల దగ్గర ఆమెతో వాదన పెట్టుకున్నాను. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచేవాడికి నిద్ర పట్టకపోవడం దిగులా, షుగరా? "ఉన్నది ఉన్నట్టు వేయండి సార్, షుగరు దిగాక ఏది మిగులుతుందో చూద్దాం" అంది. పదకొండేళ్లలో నాకు ఎవరూ ఇంత తెలివైన సమాధానం చెప్పలేదు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ 1 వేశాను. ఆమె కలం కింద పెట్టి, తడబడకుండా వివరంగా అడిగి, మానసిక వైద్యుణ్ణి అదే రోజు చూపించింది. ఫైలు అట్ట మీద టెలీ మానస్, అంటే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ, నంబరు 14416 రాసింది. ఒక రాత్రి చేశాను కూడా, తెలుగులోనే మాట్లాడారు.

మాత్ర మొదటి రెండు వారాలు వికారం తప్ప ఏమీ ఇవ్వలేదు. నెల దాటాక తేడా తెలిసింది. ఆరో నెలకు హెచ్‌బీఏ1సి 7.3, స్కోరు 7.

ఇక చెడు. పదో నెలలో ఆ అమ్మాయి మానేసింది. కొత్తగా వచ్చినామె తొమ్మిది ప్రశ్నలనూ బస్సు కండక్టరు స్టాపులు అరిచినట్టు చదివేది. జ్వరంతో పడుకుని ఉంటే "నేటి నడకకు అభినందనలు" అని ఫోనుకు సందేశం. ఏడాది తిరిగేసరికి కోఆర్డినేటరు చేసే ఫోన్లకు విడిగా డబ్బు కట్టమన్నారు. కోపం వచ్చి మానేశాను. ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సి 8.1.

ఇలాంటి వైద్యాన్నే చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, విశాఖపట్నం క్లినిక్కుల్లో 404 మందితో పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ చికిత్స 12 నెలలే, అయినా 24 నెలల తర్వాత కూడా మామూలు వైద్యం కంటే మేలు కనిపించింది. నా విషయంలో అది నిలవలేదు, ఒప్పుకుంటాను.

డబ్బు కట్టి మళ్లీ చేరాను. ఇప్పుడు 7.4. చేరేవాళ్లు పరికరాల గురించి కాక, ఫోను చేసేది ఎవరు, ఏ భాషలో, ఆ మనిషి మానేస్తే ఫైలు ఎవరి చేతికి వెళుతుంది అని ముందే అడగండి. నాకు ప్రస్తుతం ఆ ఫోను బుధవారం పదకొండింటికి వస్తుంది, సగం తెలుగు, సగం తమిళం.